పదవిశ్లేషకం – పాఠపరిరక్షణ: లింగంపల్లి ప్రాంతపు తెలుగు కంప్యూటింగ్ చరిత్రలో ఒక అధ్యాయం

ప్రవేశిక

తెలుగు కంప్యూటింగ్ చరిత్రను సాధారణంగా లిపి చరిత్రగానే చెప్పుకొంటారు. 1988, 1991 సంవత్సరాల ఇస్కీ ప్రమాణాలు, 1991లో యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు దక్కిన స్థానం, ఫాంట్లు, కీబోర్డులు అందులోని ప్రధాన ఘట్టాలు. అక్షరం తెరమీద కనిపించడం ఒక ఎత్తయితే, ఆ అక్షరాలతో ఏర్పడిన పదం నిర్మాణాన్ని యంత్రం గుర్తించడం మరొక ఎత్తు. ఈ రెండో కృషికి హైదరాబాదు పశ్చిమాన ఉన్న లింగంపల్లి–గచ్చిబౌలి ప్రాంతం ముఖ్యకేంద్రం. అక్కడ రూపొందిన ప్రోగ్రాములు చాలావరకు కమాండ్ లైన్ మీద, ఇతరులు రాసిన లైబ్రరీల ఆధారంతో నడిచేవి. అటువంటి ప్రోగ్రామును కాపాడాలంటే మూలపాఠం ఒక్కటే చాలదనీ, దాని ఆధారాలనూ నిర్మాణ ఆదేశాలనూ కూడా భద్రపరచాలనీ నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

స్థలం, సంస్థలు

లింగంపల్లి రైల్వే స్టేషను నుంచి పాత ముంబయి రహదారి మీద గచ్చిబౌలి వైపు వెళ్తే, 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణం వస్తుంది. అందులో 1988లో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఏర్పడింది. కాన్పూరు ఐఐటీలో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు ‘అక్షరభారతి’ బృందంగా ఆరంభించిన ‘అనుసారక’ పరిశోధన 1990లలో ఈ కేంద్రానికి చేరింది. తెలుగు, కన్నడం, మరాఠీ, బెంగాలీ, పంజాబీ పాఠాలను హిందీ పాఠకుడికి అందుబాటులోకి తేవడం దాని లక్ష్యం. పాణినీయ దృక్పథంతో భాషను యంత్రానికి వివరించే పద్ధతిని ఈ బృందం 1995లో గ్రంథరూపంలో ప్రకటించింది. సైబర్ టవర్స్ ప్రారంభమైనదీ, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ స్థాపితమైనదీ 1998లోనే. అంటే హైటెక్ సిటీ రూపుదిద్దుకోకముందే ఈ ప్రాంతంలో తెలుగు వ్యాకరణం ప్రోగ్రాముగా మారడం మొదలైంది.

పదవిశ్లేషకం స్వరూపం

ఈ పద్ధతిలో తెలుగు నుంచి ఏ భాషలోకి యంత్రానువాదం చేయాలన్నా మొదటి మెట్టు పదవిశ్లేషణ. ‘పుస్తకాలలో’ అనే రూపాన్ని ఇస్తే ‘పుస్తకం’ అనే ప్రాతిపదికనూ, బహువచనాన్నీ, ‘లో’ అనే విభక్తినీ విడదీసి చూపడం విశ్లేషకం పని. ‘వాక్యం’, ‘గ్రంథం’ వంటి పదాలు కూడా ఇదే తీరున మారతాయి కనుక, ప్రతి పదానికీ అన్ని రూపాలు రాయనవసరం లేదు. ఒక తరగతికి ఒక రూపావళి, ప్రతి ప్రాతిపదికకు ఎదురుగా దాని తరగతి పేరు ఉంటే చాలు. ఆ విధంగా పదకోశం, రూపావళి, వాటిని కలిపి నడిపే ప్రోగ్రాము అనే మూడు భాగాలు ఏర్పడ్డాయి.

ఈ సంప్రదాయంలో భాషాసామగ్రిని డబ్ల్యూఎక్స్ సంకేతలిపిలో రాశారు. త, థ, ద, ధలకు రోమను లిపిలోని డబ్ల్యూ, ఎక్స్ అక్షరాల చిన్న, పెద్ద రూపాలను వాడటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఈ సంకేతం తెలియనివారికి తెలుగు పదకోశం కూడా అర్థంకాని రాత.

ఆధారాల అల్లిక

సీ భాషలో రాసిన ప్రోగ్రామును యంత్రం నేరుగా నడపలేదు. కంపైలర్ మొదట దానిని యంత్రభాషలోకి మారుస్తుంది. బయటి లైబ్రరీలోని ప్రమేయాలు ఏవో, వాటిని ఎలా పిలవాలో హెడర్ ఫైలు చెబుతుంది. ఆ ప్రమేయాలను ప్రోగ్రాముతో కలపడం లింకర్ పని. కమాండులో లైబ్రరీ పేరును చేర్చకపోతే లింకర్‌కు ఆ ప్రమేయం దొరకదు. నిర్మాణం అక్కడే ఆగుతుంది. నిర్మాణం పూర్తయినా, లైబ్రరీని విడిగా ఉంచే పద్ధతిలో ప్రోగ్రాము నడిచే ప్రతిసారీ అది ఆ యంత్రంలో మళ్లీ దొరకాలి.

ఈ ప్రాంతపు పదవిశ్లేషక సంప్రదాయంలో పదకోశాన్ని వేగంగా వెదకడానికి జీడీబీఎం అనే లైబ్రరీని వాడారు. గ్నూ వ్యవస్థలో భాగమైన ఈ లైబ్రరీ, పదాన్నిబట్టి దాని సమాచారం ఫైలులో ఎక్కడుందో లెక్కగట్టి తీసి ఇస్తుంది. అయితే అది తయారుచేసే ఫైలు యంత్రనిర్మాణాన్ని అనుసరించి ఉంటుంది. 32 బిట్ల యంత్రంలో సిద్ధమైన ఫైలును 64 బిట్ల యంత్రం చదవలేకపోవచ్చు. ఆ పదకోశానికి పాఠరూపం మిగిలి ఉంటే కొత్త యంత్రంలో దానిని మళ్లీ సిద్ధం చేసుకోవచ్చు. కంపైలైన రూపం ఒక్కటే మిగిలితే, అందులోని తెలుగు పదాలు ఉండీ లేనట్టే.

తరువాతి దశలో ఇదే విశ్వవిద్యాలయంలో అంబా కులకర్ణి నేతృత్వంలో రూపొందిన సంస్కృత వేదిక ‘సంసాధనీ’, స్పెయిన్‌లోని అలికాంటె విశ్వవిద్యాలయంలో ఆరంభమైన అపెర్షియం ప్రాజెక్టుకు చెందిన ఎల్‌టీటూల్‌బాక్స్‌ను ఆధారం చేసుకుంది. అందులో పదకోశం ఎక్స్‌ఎంఎల్ పాఠంగా ఉంటుంది. ఒక ఆదేశం దానిని కంపైల్ చేస్తుంది, మరొక ఆదేశం విశ్లేషిస్తుంది. భాషాజ్ఞానం మనుషులు చదవగల పాఠంగానూ, యంత్రరూపం ఎప్పుడైనా మళ్లీ పుట్టించదగినదిగానూ ఉండటం ఈ పద్ధతిలోని మేలు. అయినా ఆ ఉపకరణం కూడా మరో లైబ్రరీ మీద ఆధారపడినదే. ఆధారానికి ఆధారం వెదుక్కుంటూ పోవడం తప్పదు.

పాఠపరిష్కరణతో పోలిక

బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి దొరికిన అనేక ప్రతులను పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. ప్రతి ఎక్కడిది, లేఖకుడెవరు, ఏ పాఠం దేనికి దగ్గర అన్న విచారణ లేనిదే పరిష్కరణ లేదు. ప్రోగ్రాముకూ ఇదే వర్తిస్తుంది. ఏ కంపైలర్, ఏ లైబ్రరీ, ఆ లైబ్రరీ ఎన్నో రూపాంతరం, ఏ ఆదేశం, ఏ సంకేతలిపి అన్న ఐదు వివరాలే దాని గద్య. తాళపత్రానికి గద్య లేకపోయినా కావ్యాన్ని చదవవచ్చు. ఈ వివరాలు లేని ప్రోగ్రాము మాత్రం నడవదు. ఇక్కడ తేడా అదే.

ముగింపు

పదవిశ్లేషకం కంప్యూటర్ శాస్త్రపు వస్తువు మాత్రమే కాదు. అది తెలుగు రూపావళిని క్రోడీకరించిన వ్యాకరణ రచన. పదాలను తరగతులుగా విభజించిన భాషావేత్తల శ్రమ అందులో ఉంది. వ్యాకరణాలనూ నిఘంటువులనూ భద్రపరిచే తెలుగు శాఖలు, ఈ రచనల మూలపాఠాలనూ ఆధార లైబ్రరీలనూ నిర్మాణ ఆదేశాలనూ కూడా గ్రంథాలయ సామగ్రిగా స్వీకరించాలి. లేకపోతే ఈ వ్యాకరణం, ఇతర వ్యాకరణాల్లా అల్మారాలో ఉండి చదివేవారి కోసం ఎదురుచూడదు; తెరవడానికే వీలుకాని ఫైలుగా మిగిలిపోతుంది.