కోడికత్తి గాయాలు

సంక్రాంతి పందేల్లో పుంజు కాలికి కట్టే కత్తి మనిషి ఒంట్లో దిగితే అయ్యే గాయాలివి. కత్తిపోట్లు, తూటా గాయాల మాదిరిగానే వైద్యులు వీటినీ చొచ్చుకుపోయే గాయాల కిందే చూస్తారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం చుట్టుపక్కల భోగి నుంచి కనుమ దాకా బరులు నడిచే మూడు రోజులూ వీటి కాలం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం పందెం నేరమే. అయినా బరులు ఆగలేదు, గాయాలూ ఆగలేదు.

2020 జనవరిలో చింతలపూడి మండలం ప్రగడవరంలో కోడికత్తి తగిలి 55 ఏళ్ల వ్యక్తి చనిపోయాడు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలోని జగిత్యాల జిల్లా లొత్తునూరులో పుంజును పట్టుకున్న మనిషికే గజ్జల్లో కత్తి దిగింది. ఆసుపత్రికి చేరేలోపే రక్తం పోయి ప్రాణం పోయింది. 2023 సంక్రాంతికి నల్లజర్ల మండలం అనంతపల్లిలో ఒకరు, కిర్లంపూడి మండలం వేలంకలో మరొకరు మరణించారు. 2018 అక్టోబరు 25న విశాఖపట్నం విమానాశ్రయంలో వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డిపై దాడి జరిగింది కూడా ఈ కత్తితోనే. అప్పుడు గాయం ఎడమ చేతికి పరిమితమైంది.

కత్తి పొడవు రెండు మూడు అంగుళాలే. పలచగా, మొన తేలి, మంగలి కత్తంత పదునుగా ఉంటుంది. ఒకరు పుంజును పొట్టకు అదిమి పట్టుకుంటే ఇంకొకరు దారం చుట్టి కత్తి కడతారు. ఆ క్షణంలో పుంజు కాలు విదిలిస్తే తెగేది వేళ్లు, మణికట్టు నరాలు. బరిలో వదిలేటప్పుడు అది మనిషి నడుము ఎత్తులో ఉంటుంది కనుక పోటు గజ్జలకో తొడకో తగులుతుంది. గజ్జ మధ్యలో తొడ ధమని చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. బక్కపలచని మనిషికైతే అక్కడ వేలు పెడితే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. అందుకే పైకి అరంగుళం గీతలా కనిపించే గాయం కూడా నిమిషాల్లో చంపగలదు. ధమని పూర్తిగా తెగితే రెండు కొసలూ లోపలికి ముడుచుకుని రక్తం కాసేపు తగ్గవచ్చు. సగం తెగిన ధమనికి ఆ వీలుండదు, ఆగకుండా కారుతూనే ఉంటుంది.

ఈ గాయంలో ఆపరేషన్ థియేటర్ కన్నా బరి పక్కన గడిచే మొదటి పది నిమిషాలదే పైచేయి. గాయం మీద పసుపో కాఫీపొడో చల్లడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. ధమని దగ్గర దాంతో ఒరిగేదేమీ లేదు. చేయవలసింది శుభ్రమైన గుడ్డను గాయం లోపలికంటా కూరి, రెండు చేతులతో బరువంతా వేసి నొక్కిపట్టడం. ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడకూడదు. చేతికో తొడకో గాయమైతే దానికి పైన బిగించి కట్టు కట్టవచ్చు. గజ్జల్లో అలాంటి కట్టు నిలవదు, అక్కడ నొక్కడమే దిక్కు. కత్తి ఒంట్లోనే ఉండిపోతే దారం కోసి పుంజును తప్పించాలి, కత్తిని మాత్రం పీకకూడదు. అదే రంధ్రాన్ని మూసి ఉంచుతూండవచ్చు.

ఆసుపత్రిలో ముందు చూసేది ఊపిరి, రక్తస్రావం. కుర్రవాళ్ల విషయంలో బీపీ మోసం చేస్తుంది. ఒంట్లోని రక్తంలో మూడో వంతు దాకా పోయినా బీపీ నిలకడగా కనిపించి, ఆపైన ఒక్కసారిగా పడిపోతుంది. నాడి వేగం, చల్లబడిన చేతులు, కంగారు ముందే చెబుతాయి. రక్తం చిమ్ముతున్నా, వాపు పెరుగుతున్నా, పాదంలో నాడి అందకపోయినా స్కాన్ల కోసం ఆగకుండా థియేటర్‌కు తీసుకెళ్తారు. ఆ గుర్తులు లేనప్పుడు చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోలుస్తారు, నిష్పత్తి 0.9 కన్నా తక్కువైతే సీటీ యాంజియో తీస్తారు. తెగిన ధమనిని అతకడానికి రెండో కాలి సిరను ముక్కగా వాడడం మామూలు పద్ధతి. ఆరు గంటలు దాటితే కాలు దక్కే అవకాశం తగ్గుతూ పోతుంది. ఏలూరు నుంచి విజయవాడ సుమారు 60 కిలోమీటర్లు, పండగ రద్దీని కూడా ఆ లెక్కలో వేసుకోవాలి. రక్తం పోతున్నవారికి ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని మూడు గంటల్లోపే ఇవ్వాలి. ఇరవై వేల మందికి పైగా క్షతగాత్రులపై జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనం ఆ మందు ప్రాణాలు కాపాడుతుందని తేల్చింది.

కడుపులో దిగిన ప్రతి పోటుకూ పొట్ట కోయనక్కర్లేదని 1960లో న్యూయార్క్ సర్జన్ షాఫ్టన్ వాదించాడు. ఇప్పుడు అదే పద్ధతి. బీపీ పడిపోయినా, పొట్ట బిగుసుకుపోయినా, పేగు బయటికొచ్చినా ఆపరేషన్ చేస్తారు. మిగతావారిని ఒక రోజు దగ్గరుంచుకుని పదేపదే పరీక్షిస్తారు. బయటికొచ్చిన పేగును తడిగుడ్డతో కప్పాలి, లోపలికి నెట్టకూడదు. ఛాతీలో గాలి లేదా రక్తం చేరితే పక్కటెముకల మధ్య గొట్టం వేస్తారు. ఛాతీ పోట్లలో చాలామందికి ఆ గొట్టంతోనే సరిపోతుంది.

కేసు అవుతుందన్న భయంతో గాయాన్ని దాచిపెట్టి, ఊళ్లోనే కుట్లు వేయించుకునేవారుంటారు. ఇది దండగ భయం. ముందు ప్రాణం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా కాదనడానికి లేదు.

కొల్లేరు లంకల్లో ఇంకో చిక్కుంది. అక్కడ గాయంలో చెరువు నీరు, బురద చేరతాయి. మంచినీటి సరస్సుల్లో ఉండే ఏరోమోనాస్ బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే కండను కుళ్లబెట్టగలదు, మధుమేహం ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. ఈ క్రిమి మీద యాంపిసిలిన్ పనిచేయదు. అందువల్ల గాయం నీటిలో తగిలిందా, గట్టు మీదా అన్నది వైద్యుడికి తప్పక చెప్పాలి. బురద సోకిన గాయాన్ని అప్పటికప్పుడు కుట్టేయరు. బాగా కడిగి, చచ్చిన కండ తీసేసి, ధనుర్వాతం సూది వేసి తెరిచే ఉంచుతారు. చీము పట్టకపోతే నాలుగైదు రోజులకు మూస్తారు.