మంచుబాట మీద నిదానము

మన భాషలో నిదానమను మాట రెండర్థములలో చెల్లుచున్నది. వైద్యశాస్త్రమున రోగకారణమును కనుగొనుట నిదానము. లోకవ్యవహారమున తొందరపడక మెలగుట నిదానము. ఈ రెండును వేరువేరు గుణములు కావని తెలుపు చరిత్ర యొకటి కలదు. అది వైద్యుల చరిత్ర కాదు. ఘోరమైన చలిలో పాత మోటారు లారీలను నడపి, ఒక మహానగరమునకు అన్నము పెట్టిన డ్రైవరుల చరిత్ర.

రష్యాదేశమున నేడు సెంటు పీటర్సుబర్గు అని పిలువబడు నగరమునకు 1991 వరకు లెనిన్‌గ్రాడని పేరు. 1941 సెప్టెంబరు 8 వ తేదీన జర్మను సేనలు ఆ నగరమునకు నేలదారులన్నియు మూసివేసినవి. సుమారు 25 లక్షల జనము లోపల చిక్కుకొనెను. తూర్పున లడోగా అను పెద్ద సరస్సు మాత్రము మిగిలినది. నవంబరు 20 నాటికి పనివారికి దినమునకు 250 గ్రాములు, పిల్లలకును తక్కినవారికిని 125 గ్రాములు మాత్రమే రొట్టె దొరకుచుండెను. 125 గ్రాములనగా మన పాత తూనికలో పది తులములకు కొంచెము హెచ్చు. ఆ రొట్టెలోనైనను అంతయు ధాన్యపు పిండి కాదు. మనము పశువులకు పెట్టు పత్తిచెక్క వంటి పదార్థములు, కొయ్యనుండి తీసిన పీచు అందులో కలిపిరి.

ఆ నెలలోనే సరస్సు గడ్డకట్టనారంభించినది. మంచు ఇరువది సెంటీమీటర్ల మందమైనగాని ఒక టన్ను బరువుతో లారీ నడువరాదు. అయినను ఆకలి ఆగదు గదా! ముందుగా గుఱ్ఱపు బండ్లు దాటినవి. నవంబరు 22 వ తేదీన సుమారు 60 లారీలు మంచుమీదికి దిగినవి. సరస్సుపై దాదాపు 30 కిలోమీటర్ల దారి. మొదటి పయనమున వచ్చిన పిండి 33 టన్నులు. నగరమునకు దినమునకు కావలసినది సుమారు 500 టన్నులు.

ఇక్కడ చిన్న లెక్క యొకటి వేయుదము. ఆ లారీ మోయు పూర్తి బరువు ఒకటిన్నర టన్నులు. దానిని 125 గ్రాముల చొప్పున పంచినచో పండ్రెండువేల పాళ్లగును. కావున నడిదారిలో ఒక్క లారీ ఆగినచో పండ్రెండువేల మంది నోటికాడి ముద్ద ఆగినట్లే.

ఆ లారీలలో పెక్కు గోర్కీ నగరపు కర్మాగారమున తయారైనవి. అమెరికాలోని ఫోర్డు కంపెనీవారి నమూనా ననుసరించి 1932 లో అచ్చట నిర్మాణ మారంభమైనది. మోయు బరువును బట్టి జనులు దానిని ‘పొలుటోర్కా’, అనగా ఒకటిన్నరది, అని పిలిచిరి. దానిలో పెట్రోలును తోడు పంపు లేదు. ముందరి అద్దమునకు అవతల, ఇంజనుకంటె ఎత్తున, 40 లీటర్ల తొట్టి యుండెడిది. మిద్దెమీది తొట్టినుండి నీరు కొళాయికి దిగినట్లు పెట్రోలు తన బరువుచేతనే సన్నని గొట్టముగుండ దిగి, మడ్డి తేరు చిన్న గిన్నెను దాటి, గాలితో కలియు కార్బురేటరును చేరును. యంత్రము సులువైనదే. కాని పండ్రెండువేల మంది ప్రాణము చిటికెనవ్రేలికంటె సన్నని గొట్టముపై ఆధారపడియుండెను.

చలి ఆ గొట్టము నేమి చేయును? పెట్రోలు ఆ చలికి గడ్డకట్టదు. దానిలో చేరిన నీరు గడ్డకట్టును. సగము ఖాళీయైన తొట్టిలో గాలి యుండును, గాలిలో తేమ యుండును. చల్లని చెంబు వెలుపల చెమ్మ పట్టినట్లు తొట్టి లోపలి గోడలకు చెమ్మ పట్టును. పెట్రోలు పోయునప్పుడు మంచుపొడి పడినను అంతే. కిరసనాయిలు నీటిపై తేలునని మన మెరుగుదుము, పెట్రోలును అట్లే. నీరు అడుగునకు దిగి, గొట్టపు మొదటనో గిన్నెలోనో పేరుకొని, దారి మూయును.

మరియొక చిత్రము వినుడు. కొబ్బరికాయకు ఒక్క కన్నే పొడిచినచో నీరు సరిగా రాదు. గాలి లోనికి పోవ రెండవ రంధ్రము కావలెను. పెట్రోలు తొట్టి మూతకును అట్టి సన్నని రంధ్రముండును. దానిని మంచు మూసినచో తొట్టి నిండుగా నున్నను చుక్క దిగదు.

ఇట్టి సమయమున నేర్పరియైన డ్రైవరు కంటబడిన మరనెల్ల విప్పడు. ముందు రోగలక్షణము చూచును. ఇంజను చటుక్కున ఆగినచో నిప్పురవ్వ పుట్టించు తీగలవైపు చూచుట మేలు. దగ్గి, తుమ్మి, కొంతకొంతగా బలము తగ్గి ఆగినచో తరచుగా ఆహారలోపమే. అప్పుడు తొట్టిలో పెట్రోలున్నదా యని చూచును. మూత వదులుచేసి చూచును. అంతటితో పెట్రోలు దిగసాగినచో దోషము మూతలోనిదే. దిగనిచో కార్బురేటరు అడుగు బిరడ విప్పును. అచ్చట ధార చక్కగా వచ్చినచో గొట్టము నిర్దోషి. రానిచో ఒక్కొక్క మెట్టే పైకి, గిన్నెకడకు, గొట్టముకడకు, తొట్టికడకు పోవును. ఎక్కడ ధార కలదో, దాని తరువాత ఎక్కడ లేదో, ఆ రెంటి నడుమనే రోగము. దానికి మందు వేడినీట ముంచిన గుడ్డ. మంట ఎంతమాత్రము కాదు. గుడ్డతో గొట్టము కాచి, నోటితో ఊది, నీరు వంచివేసి, మరల బిగించును. ఆ పైని బండి నిలిపినప్పుడెల్ల తొట్టిని నిండుగా నుంచును. పెట్రోలును మెత్తని తోలుగుండ వడగట్టును. పెట్రోలుతో తడిపిన తోలు పెట్రోలును పోనిచ్చి నీటిని ఆపును.

చెప్పుట సులువు. సున్నకు దిగువ ముప్పది డిగ్రీల చలిలో చేయుట వేరు. చేతితొడుగులతో చిన్న మరలు పట్టుబడవు. తొడుగు తీసినచో లోహము చర్మమున కంటుకొనును. చేతిపై పడిన పెట్రోలు ఆవిరియగుచు ఉన్న వేడిని కూడ లాగుకొనును. పైనుండి శత్రువిమానములు. ముట్టడి దినములలో లెనిన్‌గ్రాడు రేడియోలో పనిచేసిన ఓల్గా బెర్గోల్త్సు అను కవయిత్రి 1942 నాటి తన ‘లెనిన్‌గ్రాడు కావ్యము’న ఒక డ్రైవరును వర్ణించినది. సరస్సు నడుమ ఇంజను చెడగా అతడు కొయ్యబారిన చేతులను పెట్రోలులో ముంచి నిప్పంటించుకొని, ఆ మండు చేతులతోనే బాగుచేసెనట. అది కావ్యమున చెప్పినది. అట్లు చేయవలెనని నే ననను. కాని ఆనాటివారు ఒక రొట్టెముక్క వెనుక ఎట్టి బాధ యున్నదని తలచిరో దానివలన తెలియును.

బాటపై పరుగుకును నిదానము కావలసివచ్చెను. లారీ పోవునప్పుడు మంచు క్రింది నీటిలో అల పుట్టును. ఉయ్యాలను సరియైన వేళకు తోసినచో ఊపు హెచ్చినట్లు, గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగమున మంచు ఊపు హెచ్చి పగిలెడిది. నగరమందలి భౌతికశాస్త్ర పరిశోధకులు మంచు వంగుటను కొలుచు పరికరమును కల్పించి ఆ కారణమును కనుగొనిరి. తదనుసారముగా వేగములును, బండికి బండికి ఎడమును ఏర్పరచిరి.

ఫలితము త్వరలోనే కనబడెను. డిసెంబరు 25 న పనివారికి 100 గ్రాములు, తక్కినవారికి 75 గ్రాములు రొట్టె హెచ్చినది. అయినను ఆ శీతకాలమున లక్షలమంది ఆకలిచే మరణించిరి. బాట అందరిని కాపాడలేదు. 1942 ఏప్రిలు 24 వరకు ఆ దారిన సుమారు 3,60,000 టన్నుల సామగ్రి నడచినది. అయిదు లక్షలకు పైబడిన జనము నగరము వెడలిరి. ముట్టడి 1944 జనవరి 27 న తొలగినది. సరస్సు ఒడ్డున 1966 లో తెగిన వలయమువంటి స్మారకము నిలిపి, దాని క్రింద నీటివైపు పోవు లారీచక్రపు జాడలను కాంక్రీటులో అచ్చుకట్టిరి.

మన సీమలో అంతటి చలి లేదు. కాని తొట్టి అడుగున చేరు నీరు మన దేశమునను కలదు. వానకాలమున పొలముగట్టున చమురింజను దగ్గి ఆగినప్పుడు, మడి ఎండుచున్నదన్న ఆత్రముతో మరలన్నియు విప్పింపకుడు. మూత మొదలు, బిరడ పిదప, గొట్టము ఆ పైని, వరుసగా చూడుడు. లడోగా డ్రైవరునకు మనకంటె తొందర యెక్కువ. పండ్రెండువేల మంది ఎదురుచూచుచుండిరి. అందుచేతనే అతడు వరుస తప్పలేదు.