ఇంటిపేరును గట్టును

ఊరినిబట్టి వచ్చిన యింటిపేరు షష్ఠ్యర్థమున నుండును. కొండూరుశబ్ద మౌపవిభక్తికము గావున నా యూరివారు కొండూరివారైరి. ఆ యూరు విడిచినవా రే గోత్రమువారైనను ఆ పేరే తాల్పవచ్చును. కనుక ఇంటిపేరొక్కటియే చూచి చుట్టఱికము సాధింపఁబూనుట సాహసము.

భద్రాచలపుటడవుల కోయలయందు న్యాయము వేఱు. కుంజా, సోడె, మడకం మొదలగు నింటిపేళ్లు మూఁడవ గట్టు, నాలుగవ గట్టు, అయిదవ గట్టు ఇత్యాదులలోఁ జేరియుండును. ఒక గట్టువారెల్ల సోదరులు. వారిలో వారికి వివాహము నిషిద్ధము. వీరి నడుగవలసినది ఊరు గాదు, గట్టు.

1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలోని గోదావరి మండలమునకు మాఱిన భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాలోఁ గలిసెను. 2014లో చింతూరు, కూనవరము ఆంధ్రప్రదేశమునకుఁ బోయెను. సర్కారు కాగితములనే నమ్మువాఁడు చింతూరి కుంజావారిని, భద్రాచలపు కుంజావారిని అన్యులుగా వ్రాసికొనును. ఆ యిండ్ల పెద్దలు మాత్రము పిల్ల నిచ్చిపుచ్చుకొనరు.