ఒంటికర్ర, జంటకర్రలు

చేతికర్ర అనగానే నాకు మా తాతగారే గుర్తొస్తారు. పొలం గట్ల మీద నడిచేటప్పుడు భుజం ఎత్తు కర్ర పట్టుకునేవారు. "కర్ర ఎంత పొడుగైతే అంత ఆసరా అమ్మడూ" అనేవారు. ఆ మాట వేదవాక్కులా నమ్మి, మొన్న చలికాలంలో మా అమ్మాయి వేలి మీదికి తెచ్చాను.

మనాలి వెళ్లాం లెండి. దగ్గర్లోనే సోలాంగ్ లోయ. కాళ్లకి పొడుగాటి చెక్కలు బిగించుకుని మంచు వాలు మీద జారుతుంటారే, ఆ స్కీయింగ్ నేర్చుకుంటానని మా పిల్ల ఒకటే పేచీ. సామాను అద్దెకిచ్చే కుర్రాడు బూట్లూ స్కీలూ చూసి చూసి ఇచ్చాడు గానీ, కర్రల దగ్గరికొచ్చేసరికి మూల పడున్న కట్ట చూపించి, ఏవో రెండు తీసుకోమన్నాడు. నేనే ముందుకెళ్లి, అన్నింట్లోకీ పొడుగువి, 130 సెంటీమీటర్లవి, ఏరి చేతికిచ్చాను. మా అమ్మాయి ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు.

"అమ్మా, చంకల దాకా వస్తున్నాయే!" అంది.

"మంచిదేగా, బాగా ఆనుకోవచ్చు" అన్నాను.

అది అమ్మ మాట విని ఆనుకుంది. పావుగంట తిరక్కుండానే కర్ర మంచులో దిగబడింది, పిల్ల పక్కకి పడింది, కర్ర గుప్పిట్లోనే ఉండిపోవడంతో బొటనవేలు వెనక్కి విరుచుకుంది. ఊరొచ్చాక డాక్టరుగారు కట్టు వేస్తూ, "దీనికి స్కీయర్స్ థంబ్ అని పేరే ఉందండీ. వేలి మొదట్లో ఉండే కట్టునరం దెబ్బతింటుంది" అన్నారు. మావారు నా వంక చూశారు. నేను గోడ మీద కేలండర్ వంక చూశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మధ్యాహ్నాలు దానికి అన్నం కలిపి పెట్టి, ఆ కర్రల పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ కాస్త ఓదార్పు కలిగింది. నేను చేసిన తప్పే మహామహుల మధ్య పెద్ద తగవుగా నడిచిందట!

ఉత్తర ఐరోపాలో మంచుమీద జారడం వేల ఏళ్ల నాటి విద్య. ఓలౌస్ మాగ్నస్ అనే స్వీడిష్ మతగురువు 1555లో అచ్చువేయించిన పుస్తకంలో, స్కీల మీద వేటకు వెళ్లే సామీ జాతి ఆడవాళ్ల బొమ్మ కూడా ఉంది. వేటగాడికి విల్లు పట్టడానికి ఓ చెయ్యి ఖాళీ కావాలి కదా! అందుకే ఆ రోజుల్లో చాలాచోట్ల ఒక్క కర్రే ఉండేది. తోసుకోవడానికీ అదే, ఆగడానికీ అదే.

ఈ విద్య ఆల్ప్స్ కొండలకి వచ్చాక అసలు చిక్కు మొదలైంది. అక్కడి వాలు నిటారు. నాన్సెన్ 1888లో స్కీల మీద గ్రీన్‌లాండ్ దాటిన కథ చదివి, ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డ్‌లో ఉండే మథియాస్ జ్దార్స్కీ అనే ఆయన నార్వే నుంచి స్కీలు తెప్పించుకున్నాడు. అవి నిటారు వాలుకి పనికిరావని వాటిని పొట్టిచేశాడు, పాదం గట్టిగా నిలిచే ఇనుప బిగింపు తయారుచేశాడు, మలుపులు తిరిగే పద్ధతి కనిపెట్టి పుస్తకం రాశాడు. అన్నీ మార్చాడు గానీ, కర్ర మాత్రం ఒక్కటే ఉంచాడు. అదీ నిలువెత్తుది! ఆయన శిష్యుడు మేజర్ లెర్చ్ 1911లో జపాన్‌లోని తకదా పట్నంలో సైనికులకి ఈ విద్యే నేర్పాడు. అక్కడున్న ఆయన విగ్రహం చేతిలో ఈనాటికీ ఒంటికర్రే.

అదే ఆస్ట్రియా సైన్యంలో జార్జ్ బిల్గేరి అనే అధికారి మాత్రం రెండు పొట్టి కర్రలు కావాలన్నాడు. 1910లో తన పుస్తకం వెలువరించాడు. ఒకాయనది ఒంటికర్ర పక్షం, ఒకాయనది జంటకర్రల పక్షం. చివరికి జంటకర్రలే గెలిచాయి. ఎందుకో తెలుసా? ఒక్క కర్ర చేతిలో ఉంటే ఒళ్లు దానివైపే వాలుతుంది. రెండుంటే ఒళ్లు మధ్యలో నిలుస్తుంది. తాడు మీద నడిచే పిల్ల చేతిలో గడ ఉంటుంది చూడండి, ఆ పిల్ల దానిమీద వాలుతుందా? లేదు కదా!

తరవాతి కథంతా బరువు దించుకోవడమే. వెదురు కర్రలు పోయి ఉక్కు గొట్టాలొచ్చాయి. అమెరికాలోని సన్ వ్యాలీలో ఎడ్ స్కాట్ 1958లో కిందికి వచ్చేకొద్దీ సన్నబడే అల్యూమినియం కర్ర తెచ్చాడు. మొన తేలికైతే మణికట్టు ఒక్కసారి ఆడిస్తే చాలు, కర్ర ముందుకొస్తుంది. మలుపు దగ్గర దాన్ని మంచుకి అలా తాకించి వదిలేస్తారు. అంతే దాని పని. ఊతకర్రగా పుట్టింది, తాళం వేసే కర్ర అయింది!

ఇక ఎంచుకోవడం సంగతి. కర్రని తలకిందులు చేసి, మొనకి పైన ఉండే చక్రం ఆనేలా పట్టుకోండి. మొన మంచులో దిగిపోతుంది కనక ఆ మేరకు లెక్కలోకి రాదు. అప్పుడు మోచెయ్యి సరిగ్గా మూలమట్టంలా వంగితే అదే మీ కొలత. సుమారుగా మన ఎత్తులో పదింట ఏడువంతులు. మా పిల్లకి 110 సెంటీమీటర్లు చాలు. పొడుగైతే చేతులు పైకి లేచి ఒళ్లు వెనక్కి పోతుంది, పొట్టిదైతే నడుం వంగిపోతుంది. గట్టి మంచుకి చిన్న చక్రం, లోతైన కొత్త మంచుకి వెడల్పుది. అల్యూమినియం వంగుతుంది గానీ చవక. కార్బన్ తేలిక గానీ ఖరీదు, గట్టి దెబ్బ తగిలితే పుటుక్కుమంటుంది. పిడి మన గుప్పిట్లో ఇమడాలి. పట్టీలోకి చెయ్యి కిందినుంచి దూర్చాలి, చెట్ల మధ్యకి వెళ్తే అసలు తీసెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, పడుతున్నామని తెలియగానే కర్ర వదిలెయ్యాలి.

ఈ చివరి మాట చదివి కాసేపు పుస్తకం మూసేశాను. పిల్లకి గట్టిగా పట్టుకోమని చెప్పింది నేనే.

కట్టు విప్పారు, వేలు బాగానే ఉంది. మొన్న నేను బూజుకర్ర తలకిందులు చేసి పట్టుకుని మోచెయ్యి చూసుకుంటుంటే మా అమ్మాయి ఒకటే నవ్వు.

"వచ్చే చలికాలం మళ్లీ వెళ్తానమ్మా. ఈసారి కర్రలు మాత్రం నేనే ఏరుకుంటా" అంది.

"అలాగే ఏరుకో. మోచెయ్యి వంపు మాత్రం నేను చూస్తా" అన్నాను.