గులామీ ఎవరు తెంచారు? (3వ భాగం)

"లింకన్ బానిసలకు స్వేచ్ఛ ఇచ్చాడు." మా దోర్నాల పిల్లల్ని ఎవర్నడిగినా ఈ వాక్యమే చెబుతారు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నా కన్ను ముందు కర్త మీద పడుతుంది. ఇక్కడ కర్త లింకన్. దాదాపు 40 లక్షల మంది చేతులు చాచి నిలబడ్డట్టు, ఆయన పెట్టినట్టు!

జరిగింది వేరు. 1861 మే నెల. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై నెలన్నర కూడా కాలేదు. వర్జీనియాలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మల్లరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలతో దక్షిణాది సైన్యం ఫిరంగుల దిబ్బ కట్టిస్తోంది. ఒక రాత్రి ముగ్గురూ పడవెక్కి ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న మన్రో కోటకు చేరారు. మర్నాడు యజమాని తరఫు మనిషి వచ్చి తిరిగి అప్పగించమన్నాడు. 1850 నాటి చట్టం ప్రకారం అప్పగించాలి కూడా. కోట అధికారి బట్లర్ లాయరు. మీరు మా దేశం కాదంటున్నారుగా, మా చట్టం మీకెందుకు పనికొస్తుందన్నాడు. శత్రువు యుద్ధానికి వాడే సరుకును జప్తు చేయొచ్చు కాబట్టి వీళ్లను జప్తు చేశానన్నాడు. చూడండి, అప్పటికీ మనుషులని ఒప్పుకోలేదు, సరుకే! అయినా కబురు పాకింది. కొన్ని వారాల్లోనే వందల మంది పిల్లాపాపలతో కోట చేరారు.

చట్టం వాళ్ల అడుగుల వెనక నడిచింది. ఆగస్టులో మొదటి జప్తు చట్టం వచ్చింది. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరంలో బానిసత్వం రద్దయింది. తలకు 300 డాలర్ల దాకా పరిహారం, అదీ యజమానులకు! బానిసకైతే దేశం విడిచి పోతానంటేనే 100 డాలర్ల దాకా. 1863 జనవరి 1 ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. లింకన్ పక్షాన నిలిచిన కెంటకీ, మేరీలాండ్ లాంటి చోట్ల బానిసలు బానిసలుగానే ఉన్నారు. కానీ ఆ ప్రకటన నల్లవాళ్లకు సైన్యం తలుపులు తెరిచింది. దాదాపు 1,80,000 మంది తుపాకీ పట్టారు. తుపాకీ పట్టినవాణ్ణి మళ్లీ పత్తిచేలోకి పంపేదెవరు? 13వ సవరణ 1864 జూన్‌లో ప్రతినిధుల సభలో ఓడిపోయింది. 1865 జనవరి 31న 119–56 ఓట్లతో గట్టెక్కింది. అందులోనూ ఒక కంత ఉంచారు: నేరానికి శిక్షగా అయితే వెట్టి చేయించుకోవచ్చట. దక్షిణాది రాష్ట్రాలు ఊరికే తిరుగుతున్నాడని నల్లవాణ్ణి పట్టి, జైల్లో వేసి, అదే పనికి కిరాయికిచ్చాయి.

ఇక మన సంగతి. కంపెనీ సర్కారు 1843లోనే బానిసత్వం చెల్లదని చట్టం చేసింది. అంటే అమెరికా కంటే ముందు! ఆ చట్టం చెప్పిందల్లా, మనిషిని సొత్తుగా కోర్టులు గుర్తించవని. కానీ మాదిగను ఎవరూ కాగితం రాసి కొనలేదు. కులమే కాగితం. చచ్చిన గొడ్డును ఈడ్వాలి, చెప్పులు కుట్టాలి, మోటకు తోలుబాన చేయాలి, జాతరకు డప్పు కొట్టాలి, కరణం మునసబు పిలిస్తే పోవాలి. కళ్లంలో విదిల్చే మేర గింజలే కూలి. కొనలేదు కాబట్టి విడిపించాల్సిన అవసరం చట్టానికి కనబడలేదు.

ఈ రెండు చరిత్రలూ మన పడమటి ప్రకాశానికి దగ్గర్లోనే కలిశాయి. బానిసల యజమానులను మిషనరీలుగా పంపాలా వద్దా అన్న తగువుతో అమెరికా బాప్టిస్టులు 1845లో రెండుగా చీలారు. వద్దన్న ఉత్తరాది వాళ్ల మిషనే మన నెల్లూరు, ఒంగోలు మిషను. జాన్ క్లౌ అంతర్యుద్ధం నడుస్తుండగానే 1864 చివర్లో ఓడెక్కాడు. ఆయన్ను కర్తను చేస్తే మళ్లీ లింకన్ వాక్యమే అవుతుంది. కర్త యర్రగుంట్ల పేరయ్య. మాదిగ, తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగినవాడు, అంతకుముందే యోగి మార్గంలో వెతుకుతున్నవాడు. 1867 జనవరిలో ఆయన ఊరు తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు చేసింది సమ్మె అంటాను నేను. ఆదివారం పనికి రామన్నారు, జాతరకు డప్పు కొట్టమన్నారు, చచ్చిన గొడ్డు తినమన్నారు. ఊరు మేర ఆపింది, నీళ్లు ఆపింది, చేయి చేసుకుంది.

1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ మూడున్నర మైళ్లు క్లౌ కంట్రాక్టుకు తీసుకున్నాడు. అక్కడ పేదలు మేర కోసం కాదు, రూకల కూలికి తవ్వారు, మేస్త్రీలూ మనవాళ్లే. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకుంటే "బియ్యం క్రైస్తవులు" అన్నారు, ఇప్పటికీ అంటారు. కరువు పని సాగుతున్నన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేసిన సంగతి మాత్రం చెప్పరు. నా లెక్కలో ఆ కాలువ గట్టే మనకు మన్రో కోట.

తర్వాత కంభంలో, మార్కాపురంలో మిషన్ కేంద్రాలు వచ్చాయి. వెట్టి మాత్రం 1950లో రాజ్యాంగం 23వ అధికరణం దాకా, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం దాకా చట్టం కంట పడలేదు. 1843 నుంచి లెక్కేస్తే 133 ఏళ్లు.

వచ్చే భాగం 1976 చట్టం మీద, దాన్ని ఊళ్లలోకి తోలిన ఎస్.ఆర్. శంకరన్ మీద. ఈలోగా ఒక పని చేయండి. మీ పల్లెలో మేర ఎప్పుడు ఆగింది, మొదట డప్పు కొట్టనన్నది ఎవరు, పెద్దల్ని అడిగి పేర్లతో సహా రాసిపెట్టండి. జై భీమ్.