కొండ దిగాక

1993 జులై 25. బొలీవియా నగరం లా పాజ్‌లోని హెర్నాండో సీలెస్ స్టేడియం. ఆట ముగియడానికి ఇంకా రెండే నిమిషాలున్నాయి, అటూ ఇటూ ఒక్క గోలూ లేదు. పొడవాటి జుట్టు ఎగురుతుండగా మార్కో ఎచెవెరి ఎడమ అంచున బంతి పట్టుకుని గోల్‌లైను దాకా దూసుకుపోయాడు. అక్కణ్నుంచి గోలు కొట్టే సందు లేదు. అయినా కొట్టాడు. బ్రెజిల్ గోల్‌కీపర్ టఫారెల్ కాళ్ల మధ్య నుంచి బంతి గోల్లోకి పోయింది. స్టేడియం ఆ కేకల నుంచి తేరుకోకముందే అల్వారో పెన్యా రెండోది వేశాడు. ప్రపంచకప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లలో అంతవరకూ ఓటమి ఎరగని బ్రెజిల్ ఆ సాయంత్రం 2-0తో ఓడిపోయింది.

ఆ రోజు బొలీవియా వీధుల్లోకొచ్చి ఏడ్చిందన్నా, నవ్విందన్నా, రెండూ నిజమే. అంతకుముందు ఆ దేశం రెండుసార్లు ప్రపంచకప్ ఆడింది. 1930లో పిలిస్తే వెళ్లింది. 1950లో అర్జెంటీనా తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే చోటు దొరికింది. ఆ రెండుసార్లూ కలిపి 16 గోల్స్ తిని, ఒక్కటీ వేయకుండా తిరిగొచ్చింది. మైదానంలో గెలిచి ప్రపంచకప్‌కు వెళ్లడం అంతవరకూ జరగలేదు. ఇప్పుడా అవకాశం ఈ కుర్రాళ్ల చేతికి చిక్కింది.

కానీ తెల్లారేసరికి బయటి ప్రపంచం ఆ గెలుపును వాళ్ల ఖాతాలోంచి తీసి కొండ ఖాతాలో వేసేసింది.

అందులో కొంత న్యాయం లేకపోలేదు. ఆ స్టేడియం సముద్రమట్టానికి 3,600 మీటర్ల పైన ఉంది. మన లేహ్ కన్నా కాస్త ఎత్తున. అక్కడి గాలిలోనూ ప్రాణవాయువు పాలు మామూలుగానే 21 శాతం. పడిపోయేది గాలి ఒత్తిడి. కింద ఉన్నదాంట్లో మూడింట రెండొంతులకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. అందుకే కింది నుంచి వచ్చిన ఆటగాడు ఒక్క పరుగు తీసి ఆగితే మళ్లీ ఊపిరి కుదురుకోవడానికి చాలాసేపు పడుతుంది. రెండో పరుగుకి కాళ్లు మాట వినవు. ఒంట్లో ఎర్ర రక్తకణాలు పెరిగి ఆ గాలికి అలవాటు పడాలంటే వారాలు కావాలి, ఏ జాతీయ జట్టుకూ అన్ని వారాలు దొరకవు. అందుకని చాలా జట్లు దిగువన శాంటా క్రూజ్‌లో బస చేసి, మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు విమానంలో పైకొచ్చి, తలనొప్పీ వాంతులూ ముదిరేలోపే ఆడేసి వెళ్లిపోతాయి. బంతి కూడా మారిపోతుంది. పలచటి గాలి దాన్ని అడ్డుకోదు, వంపు తిరగనివ్వదు. పుట్టినప్పటి నుంచీ బంతి ఎక్కడ పడుతుందో చూడకుండానే చెప్పగలిగిన గోల్‌కీపర్ అక్కడ అర అడుగు ఆలస్యమవుతాడు.

ప్యాట్రిక్ మెక్‌షారీ అనే పరిశోధకుడు దక్షిణ అమెరికాలో నూరేళ్లలో జరిగిన 1,460 అంతర్జాతీయ మ్యాచ్‌లు లెక్కగట్టి 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. రెండు జట్ల ఎత్తుల్లో ప్రతి వెయ్యి మీటర్ల తేడాకీ సుమారు అర గోలు తేడా వస్తుందని తేల్చాడు. ఒకే ఎత్తులో ఉండే రెండు జట్లు ఆడితే సొంతగడ్డ జట్టు గెలిచే అవకాశం 53.7 శాతమట. లా పాజ్‌కు బ్రెజిల్ వస్తే అది 82.5 శాతం. కొండ బలం అబద్ధం కాదు.

అయితే ఆ కొండ మీద ఆడిన వాళ్లెవరు? నాకు బాధ కలిగేది ఇక్కడే. ఎచెవెరిదీ, అతని జోడీ ఎర్విన్ సాంచెజ్‌దీ కొండ ప్రాంతం కాదు. ఇద్దరూ దిగువన, 400 మీటర్ల ఎత్తున, ఉక్కపోసే శాంటా క్రూజ్‌లోని తవిచి అకాడమీలో ఆట నేర్చుకున్నారు. 1978లో మొదలైన ఆ అకాడమీ బొలీవియాకు తొలిసారి చిన్నప్పటి నుంచీ ఒక పద్ధతిలో తర్ఫీదైన తరాన్ని ఇచ్చింది. సాంచెజ్ పాస్‌లు చూసి జనం అతన్ని ప్లాటినీ అని పిలుచుకున్నారు. ఎచెవెరి పేరు ఎల్ డియాబ్లో, అంటే సైతాను. వీళ్లను ఒక జట్టుగా నిలబెట్టింది గుబురు మీసాల బాస్క్ కోచ్ షబియెర్ అజ్‌కర్గోర్తా. బ్రెజిల్‌ను ఓడించడానికి వారం ముందు, జులై 18న, ఈ జట్టే వెనెజులా వెళ్లి, కింద, 7-1తో గెలిచొచ్చింది. ఆ గెలుపు ఎవరికీ గుర్తులేదు.

ఆ బ్రెజిల్ మ్యాచ్‌కే ఇంకో మరక కూడా అంటించారు. తర్వాత జరిగిన డోపింగ్ పరీక్షలో బొలీవియా డిఫెండర్ మిగెల్ రింబా, బ్రెజిల్ రిజర్వ్ గోల్‌కీపర్ జెట్టీ ఇద్దరి మీదా కొకైన్ ఆరోపణ వచ్చింది. వాళ్లు తాగింది కోకా ఆకుల టీ. ఆ కొండల్లో తలనొప్పి వేస్తే ఏ ఇంట్లోనైనా ముందు ఇచ్చేది అదే. చివరికి ఇద్దరూ నిర్దోషులని తేలింది.

ఆగస్టులో ఉరుగ్వే పైకొచ్చి 3-1తో ఓడింది, ఈక్వడార్ 1-0తో, వెనెజులా 7-0తో. ఇక దిగాల్సిన వంతు బొలీవియాది. ఆగస్టు 29న, లా పాజ్ ఓటమికి సరిగ్గా అయిదు వారాలకు, సముద్రం ఒడ్డునున్న రెసిఫె మైదానంలోకి బ్రెజిల్ ఆటగాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నడిచొచ్చారు. 6-0. తర్వాత మాంటెవిడియోలో ఉరుగ్వే చేతిలో 2-1. అంతా చేజారిపోతున్న వేళ, సెప్టెంబర్ 19న, ఈక్వడార్‌లోని గ్వాయాకిల్ రేవులో విలియం రమాయో వేసిన గోలుతో 1-1 డ్రా చేసుకుని నిలబడ్డారు. ప్రపంచకప్ చోటు ఖాయమైంది సముద్రమట్టం దగ్గరే.

లెక్క చూస్తే ఇది ఇంకా స్పష్టం. గెలుపుకు రెండు పాయింట్లున్న రోజులవి. బొలీవియాకు వచ్చినవి 11, ఉరుగ్వేకి 10. కొండ మీద బొలీవియా నాలుగుకి నాలుగూ గెలిచింది, అయినా అవి ఎనిమిదే. మిగిలిన మూడూ కిందికి దిగి సంపాదించినవి. అవి లేకపోతే ప్రపంచకప్ జరిగే అమెరికాకు విమానం ఎక్కేది ఉరుగ్వే.

ఆ ఏడాది చివర్లో ఎచెవెరి మోకాలు దెబ్బతింది.

1994 జూన్ 17, చికాగో. ప్రపంచకప్ మొదటి మ్యాచ్, ఎదురుగా నాటి విజేత జర్మనీ. నెలల తరబడి ఆటకు దూరమైన ఎచెవెరి బెంచీ మీద కూర్చున్నాడు. గంటసేపు బొలీవియా చెక్కుచెదరకుండా నిలిచింది. 61వ నిమిషంలో గోల్‌కీపర్ ట్రుక్కో బంతి కోసం బయటికి ఉరికాడు, అది క్లిన్స్‌మన్‌కు దొరికింది, ఎదురుగా ఖాళీ గోలు. 79వ నిమిషంలో అజ్‌కర్గోర్తా ఎచెవెరిని లోపలికి పంపాడు. దేశమంతా ఎదురుచూసిన కాలు అది. నాలుగు నిమిషాలు నిండాయో లేదో, లోథార్ మథేయస్‌తో బంతి కోసం పెనుగులాటలో ఆ కాలు విసురుగా లేచింది. మెక్సికో రిఫరీ ఎర్రకార్డు తీశాడు. ఆ టోర్నీలో ఎచెవెరి మళ్లీ మైదానంలో అడుగుపెట్టలేదు.

అతని కోపాన్ని నేను సమర్థించను. కానీ ఏడు నెలలు మోకాలికి కట్టు కట్టుకుని, ఆ ఒక్క సాయంత్రం కోసమే బతికిన 23 ఏళ్ల కుర్రాడు తన మీద తాను అదుపు కోల్పోయిన ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. కొండ మీద సైతాను అనిపించుకున్నవాడు కింద ఎంత మామూలు మనిషో తెలిసింది అప్పుడే. మళ్లీ అతనే తర్వాత డీసీ యునైటెడ్ తరఫున అమెరికా లీగ్‌ను మూడుసార్లు గెలిపించాడు, 1998లో ఆ లీగ్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడయ్యాడు. అవేవీ ఏ కొండ మీదా జరగలేదు.

దక్షిణ కొరియాతో 0-0. స్పెయిన్‌తో 3-1 ఓటమి. ఆ ఓటమిలోనే, 67వ నిమిషంలో, సాంచెజ్ పెనాల్టీ ఏరియా బయటి నుంచి కొట్టిన బంతి గోల్లో పడింది. 1930, 1950, 1994, ఈ మూడు ప్రపంచకప్పుల్లో కలిపి బొలీవియాకు దక్కిన గోలు అదొక్కటే. గ్రూపులో ఆఖరి స్థానంతో జట్టు ఇంటిదారి పట్టింది. మూడు వారాలకు, లా పాజ్‌లో తల వంచిన టఫారెల్ ఫైనల్ షూటవుట్‌లో పెనాల్టీ ఆపి బ్రెజిల్‌కు కప్పు తెచ్చాడు.

మరో మూడేళ్లకు కోటలోనే ఓడారు. 1997 కోపా అమెరికా ఫైనల్ లా పాజ్‌లో జరిగింది. అంతవరకూ శాంటా క్రూజ్‌లోనే ఆడుతూ వచ్చిన బ్రెజిల్ పైకొచ్చి 3-1తో గెలిచింది. బొలీవియా గోలు మళ్లీ సాంచెజ్‌దే. అప్పటికే ఆ తరం వయసు మీదపడుతోంది, వెనక వస్తున్న తరం కనబడలేదు.

ఆ తర్వాత దేశం కొండనే పట్టుకు వేలాడింది. 2007లో ఫిఫా 2,500 మీటర్ల పైన మ్యాచ్‌లు వద్దంటే, అధ్యక్షుడు ఎవో మొరాలెస్ సహామా పర్వతం మీద ఆరువేల మీటర్ల ఎత్తున మంచులో బంతాడి నిరసన చెప్పాడు. మరుసటి ఏడాది ఫిఫా వెనక్కి తగ్గింది. ఆ పోరాటం న్యాయమైనదే. సొంత ఊళ్లో ఆడుకోవద్దనే హక్కు ఎవరికీ లేదు. 2009 ఏప్రిల్ 1న మారడోనా కోచ్‌గా, మెస్సీ ఆడుతుండగా అర్జెంటీనా అక్కడ 6-1తో చిత్తయింది. బోటెరో మూడు గోల్స్ వేశాడు. మహా సంబరం. అయినా ఆ క్వాలిఫయింగ్‌లో బొలీవియా పదింట తొమ్మిదో స్థానంలోనే ఆగిపోయింది.

1993లో వెనెజులాలో కొట్టిన 7-1 తర్వాత బొలీవియా మరో దేశంలో ఒక్క క్వాలిఫయింగ్ మ్యాచ్ గెలవడానికి 31 ఏళ్లు పట్టింది. ఆ రోజు ఉయ్యాల్లో ఉన్న పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకుని, జాతీయ జట్టుకు ఆడి, రిటైరయ్యే వయసుకు వచ్చారు. 2024 సెప్టెంబర్ 10న చిలీ రాజధాని శాంటియాగోలో కొత్త కుర్రాళ్లు 2-1తో గెలిచినప్పుడు గానీ ఆ శాపం తీరలేదు. కానీ అదే నెల నుంచి ఫెడరేషన్ వాళ్లు హెర్నాండో సీలెస్ చాలదని, సొంత మ్యాచ్‌లను 4,000 మీటర్ల పైనున్న ఎల్ ఆల్టోకు మార్చారు. అక్కడ కొలంబియా ఓడింది. 2025 సెప్టెంబర్‌లో మిగెల్ టెర్సెరోస్ పెనాల్టీతో బ్రెజిల్ కూడా ఓడింది. శాంటియాగో గెలుపుకు సరిగ్గా అయిదు వారాలకు బ్యూనస్ ఐరిస్‌లో అర్జెంటీనా చేతిలో 6-0.

2026 ప్రపంచకప్ కోసం ఆడిన ఆ 18 మ్యాచ్‌లలో బొలీవియాకు 20 పాయింట్లు వచ్చాయి. 17 కొండ మీదివి. కింద ఆడిన తొమ్మిదింట్లో ఎనిమిది ఓడి, శాంటియాగోలో తెచ్చుకున్నవి మిగతా మూడు.