డోర్నకల్ గుడి కంటే డోర్నకల్ సంఘం పెద్దది

మన ఊరి గురించి ఎవరు రాసినా సంఘం 1939లో మొదలైందనే రాస్తున్నారు. కాస్త చదివి రాసేవాళ్లు 1912 అంటారు. రెండూ తప్పే. 1939 జనవరి 6 మన ఊరి ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగిన రోజు. 1912 డిసెంబర్ 29న వేదనాయగం శామ్యూల్ అజరయ్య కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. ఒక తేదీ కట్టడానిది, ఇంకొకటి అధ్యక్ష మండలానిది. మాల, మాదిగ వాడల్లో గుడిసె పంచల కింద ప్రార్థనకు కూర్చున్న జనానికి ఈ రెండు తేదీలతోనూ పని లేదు. వాళ్లు అంతకు ముందునుంచే ఉన్నారు.

లెక్క 1903 నుంచి మొదలుపెట్టాలి. ఆ సంవత్సరం తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. మనుషులు మనవాళ్లే, డబ్బు మనవాళ్లదే, పెత్తనం కూడా మనవాళ్లదే ఉండాలన్నది వాళ్ల పట్టుదల. ఇంగ్లండు నుంచి పైసా తేకూడదనుకున్నారు. పని చేయడానికి నైజాం ఇలాకాలో మానుకోట ప్రాంతాన్ని ఎంచుకున్నారు. మొదటి మిషనరీగా శామ్యూల్ పాకియనాథన్ 1904లో ఇక్కడికి వచ్చారు. తమిళం మాట్లాడే మనిషి తెలుగు నేర్చుకుని, జ్వరాలకూ అడవికీ ఓర్చుకుని ఇక్కడ నిలబడ్డారు. అజరయ్య అప్పటికి వైఎంసీఏ కార్యదర్శిగా దేశమంతా తిరుగుతున్నారు. ఇక్కడికి మనుషుల్ని పంపిన సొసైటీని పెట్టినవాళ్లలో ఆయనే ముఖ్యుడు. కానీ ఆయన ఆ ఉద్యోగం వదులుకుని గురువుగా అభిషేకం తీసుకుని డోర్నకల్ వచ్చి కూర్చున్నది 1909లో. బిషప్ గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. ఆయన రాకముందే ఇక్కడ సంఘం ఉందని, ఆయన దాన్ని చూసే వచ్చారని అంటున్నాను.

ఇది ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మన మీద రెండు నిందలు ఉన్నాయి. తెల్లదొరల మతం అన్నది ఒకటి, బియ్యానికి ఆశపడి కలిశారన్నది రెండోది. మొదటిదానికి జవాబు పైనే ఉంది. మన దగ్గరికి సువార్త తెచ్చింది తెల్లవాడు కాదు, తిరునెల్వేలివాడు. అతన్ని పంపింది తాటిచెట్ల దేశంలో సాదాసీదా సంఘాల కానుకలు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యకు అండగా నిలిచి ఆయన్ను బిషప్ చేయించారు, అది నిజం. కానీ పాకియనాథన్ మానుకోట పల్లెల్లో కాలు పెట్టడానికి కారణం వైట్‌హెడ్ కాదు.

రెండో నిందకు పిడికెడు బియ్యమే జవాబు. పొయ్యి మీద ఎసరు పెట్టిన తల్లి, కొలిచి చాటలో పోసిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేస్తుంది. ఆ పూట ఇంట్లో ఎంతమంది ఉన్నా, గింజలు ఎంత తక్కువున్నా ఆ పిడికెడు తీయవలసిందే. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. బల్ల ముందు పరిచిన గుడ్డ మీద కుమ్మరిస్తే సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు అన్నీ కలిసిపోయి ఏ ఇంటివి ఏవో తెలియకుండా పోతాయి. ఆ కుప్పను వేలం పాడి అమ్మిన డబ్బు ఉపదేశి జీతానికీ, గుడి కప్పుకూ పోతుంది. పంట పండుగనాడు ఇంకా చూడాలి: జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల కూడా. భూమి లేని కూలివాళ్ల కానుకలివి. బియ్యం తీసుకున్నవాళ్లని మనల్ని అన్నారు, బియ్యం ఇచ్చినవాళ్లం మనం. ఈ ఒక్క సంగతి రాయకుండా మన సంఘం చరిత్ర రాశామంటే అది చరిత్ర కాదు.

సంఘం ఎలా పెరిగింది? వీధిలో ప్రసంగం విని ఒక్కొక్కరు వచ్చి చేరింది తక్కువ. వాడ పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు, తేల్చుకున్నారు, వాడంతా ఒకేసారి నీళ్లలో దిగారు. ఆ వాడ ఆడపిల్లను ఇచ్చిన ఊరికి ఆ మాట పోయింది. మేనమామ ఊరికి పోయింది, వియ్యంకుడి ఊరికి పోయింది. ఒక పటం తీసుకుని సంఘాలున్న పల్లెల్ని గీతలతో కలిపితే అది మన పెళ్లిళ్ల పటమే అవుతుంది. అజరయ్య దీన్ని బాగా పట్టుకున్నారు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషీ తానే సువార్త చెప్పాలని తల మీద చెయ్యి పెట్టించి ఒప్పించేవారట. ఊరికో ఉపదేశిని పెట్టారు. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు కీర్తనలు, ప్రార్థన. తాగుడు, అప్పు, మురికి, రోగం ఈ నాలుగింటినీ దయ్యాలని పేరు పెట్టి వాటితో పోరాడమన్నారు. ఆదివారం పనికి రామని దొర ముందు చెప్పగలగడం వెట్టి రోజుల్లో ఎంత సాహసమో మన ముందుతరం వాళ్లకే తెలుసు.

అంకెల దగ్గర చాలామంది పొరపడ్డారు. 1912లో యాభై ఆరు వేల చిల్లర ఉన్న క్రైస్తవులు 1941 నాటికి రెండు లక్షల ఇరవై అయిదు వేలు దాటారని పుస్తకాల్లో ఉంది. అది నిజమే, కానీ అది డోర్నకల్ ఊరి లెక్క కాదు, మొత్తం అధ్యక్ష మండలం లెక్క. 1912లో ఆ మండలం అంటే నైజాం ఆగ్నేయ మూల మాత్రమే. 1920 తర్వాత కృష్ణా ప్రాంతం వంటి కోస్తా మిషన్ల సంఘాలు వచ్చి కలిశాయి. ఆ తెలుగు క్రైస్తవులంతా అంతకు ముందే ఉన్నవాళ్లు. వాళ్లను కలుపుకుని డోర్నకల్ పెరిగిందని రాయడం వాళ్లకూ అన్యాయమే, మనకూ అన్యాయమే. మన మానుకోట పల్లెల పెరుగుదల వేరు. అది చిన్నది, నెమ్మదైనది, కానీ ఇక్కడి మట్టిలో పుట్టినది.

1946లో క్యారల్ గ్రాహమ్, జె.జెడ్. హాడ్జ్ చెరో పుస్తకం రాశారు. రెండూ అజరయ్య జీవితచరిత్రలే. ఆయన లేనప్పుడు ఇక్కడ ఎవరేం చేశారన్నది వాటిలో వెతుక్కోవాలి. సుసాన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో అచ్చేసిన ‘ఇన్ ది షాడో ఆఫ్ ది మహాత్మా’ వాటి కంటే ఎంతో మెరుగు. గాంధీగారికీ అజరయ్యకూ మధ్య మత మార్పిడి మీద వచ్చిన తగవును అంత నిక్కచ్చిగా ఎవరూ రాయలేదు. కానీ ఆ పెద్ద పుస్తకం కూడా చివరికి బిషప్ చుట్టూనే తిరుగుతుంది.

ఇక గుడి. మెదక్ చూడడానికి జనం బస్సులు కట్టుకుని పోతారు. పోస్నెట్ దొర కట్టించిన ఆ గోథిక్ గుడి 1924లో ప్రతిష్ఠ అయింది. అందంగా ఉంటుంది, కాదనను. కానీ దాన్ని ఇంగ్లండులో ఏ ఊర్లో పెట్టినా ఇమిడిపోతుంది. మన గుడిని ఎక్కడా పెట్టలేరు. మసీదు గుమ్మటాలు, మన దేవాలయాల రాతి స్తంభాలు, ఆ స్తంభాల మీద తామర, ఉమ్మెత్త, సిలువ. పూర్తి కావడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. అది పూర్తయ్యాక అజరయ్య ఆరేళ్లు కూడా లేరు, 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన ఎంతో పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరేనాటికి ఆయన మన గుడి ఆవరణలోనే మట్టిలో ఉన్నారు.

1950 తర్వాత మన జనాభా లెక్కలు నమ్మేవి కావు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డ్ కులాల జాబితా బయటే ఉంచింది. క్రైస్తవుడినని చెప్పుకుంటే బీసీ-సీ సర్టిఫికెట్టే, దానికి ఒక్క శాతం రిజర్వేషను. పిల్లల చదువు, ఉద్యోగం చూసుకున్న తండ్రి జనాభా లెక్కలవాడికి ఏం చెబుతాడు? కాబట్టి జనాభా లెక్కల పుస్తకం చూపించి మీ సంఘం తగ్గింది కదా అనేవాళ్లకు నేను జవాబు చెప్పను. ఆదివారం పొద్దున వచ్చి గుడిలో కూర్చుని లెక్కపెట్టుకోమంటాను.

మిగిలింది బాప్తిస్మ రిజిస్టర్లు. పాత పాస్టరేట్లలో చెదలు తిననివి ఇంకా ఉన్నాయి. తేదీ, పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి, బాప్తిస్మం ఇచ్చిన గురువు సంతకం. వృత్తి గడిలో వరసగా కూలి, కూలి, కూలి. పేజీ పేజీ ఫొటో తీయించి, ఊర్ల వారీగా పట్టిక వేయించే పని పాస్టరేట్ కమిటీలు ఈ ఏడాదే తలపెట్టాలి. మన సంఘం పుట్టింది 1939లో అని బోర్డు రాయించే ముందు ఆ పని అయిపోవాలి.